ఉడుతకు మునగాకు: ఒక విధాన పత్రం

తిండి దొరకనివాళ్ల గురించి ఆలోచించడానికి ఈ దేశంలో ప్రణాళికలు, సంఘాలు, సదస్సులు బోలెడున్నాయి. తిండి ఎదురుగా పెట్టినా మొహం తిప్పుకునే వర్గాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ వర్గానికి ప్రతినిధిగా ప్రస్తుతం వనస్థలిపురంలో మా పెద్దక్క ఇంట్లో ఉంటున్నవారు చిట్టిబాబు గారు. జాతి ఉడుత. బరువు వంద గ్రాములు, కాస్త అటూ ఇటూ. నివాసం పెరట్లో జామచెట్టు, కార్యాలయం వంటింటి కిటికీ.

చట్టరీత్యా ఆయన పెంపుడు జంతువు కారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో ఉడుతను పట్టి పంజరంలో పెట్టుకోవడం కుదిరే పని కాదు. గాలివానకి గూడు చెదిరి కింద పడితే అక్క దూదిలో పెట్టి, డాక్టరు చెప్పిన పాలపొడి కలిపి సిరంజితో పట్టి, కాస్త నిలదొక్కుకున్నాక చెట్టు మీద వదిలేసింది. ఆవిడ వదిలిన మాట నిజమే. ఆయనే ఆవిడని వదల్లేదు. ఇందులో ఎవరు ఎవరిని పెంచుకుంటున్నారో తేల్చాల్సింది న్యాయస్థానం.

గొడవంతా పల్లీలతో వచ్చింది. చిట్టిబాబు గారికి మూడు పూటలా పల్లీలే కావాలి. అవి తినే తీరు చూసి తీరాలి. వెనక కాళ్ల మీద కూర్చుని, గింజని రెండు చేతులా పట్టుకుని, గిరగిరా తిప్పుతూ ఎర్రటి పొట్టంతా ఒలిచి స్టవ్ గట్టు మీద రాలుస్తారు. తెల్లటి పప్పు మాత్రమే లోపలికి వెళుతుంది. ఆ పొట్టు ఊడ్చే బాధ్యత ఆయనది కాదు. అదే చేతుల్లో దోసకాయ ముక్క పెడితే ఒకసారి వాసన చూసి, మన కళ్లలోకి చూస్తూ కింద పడేస్తారు. మనవైపు చూడకుండా పడేసినా ఇంత బాధ ఉండేది కాదు.

పల్లీల మీద మనకేమీ కక్ష లేదు. కానీ ఫాస్ఫరస్ కంటే కాల్షియం ఎక్కువ అందాల్సిన జీవికి పల్లీలు సరిగ్గా తిరగేసిన లెక్క. నూరు గ్రాముల్లో కాల్షియం నూరు మిల్లీగ్రాములు కూడా ఉండదు, ఫాస్ఫరస్ మూడొందల పైమాటే. పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న కూడా ఇదే బాపతు. రోజూ అవే తింటే, చాలని కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎముకలు గుల్లబారతాయి, వెనక కాళ్లు పడిపోతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంత విన్నాక మా బావగారు ఊరుకోగలరా? 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ఆ సంస్థ వాళ్ల పళ్లెం బొమ్మ, సగానికి సగం కూరగాయలూ ఆకుకూరలూ పళ్లూ ఉన్నది, ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించారు. అది మనుషుల కోసం వేసిన బొమ్మ అని అక్క గుర్తుచేసింది. ఆ మాట ఆయన చెవిన పడలేదు. అప్పుడాయన ఆవకాయన్నంలో నెయ్యి కలుపుకునే పనిలో ఉన్నారు.

సంస్కరణలు మొదలయ్యాయి. పొద్దున్నే ఖాళీ కడుపున మునగాకు, పల్లీలు నిషేధం. చిట్టిబాబు గారు కిటికీ ఊచ మీద తోక విదిలిస్తూ వీధి చివరిదాకా వినిపించేలా కిచకిచమన్నారు. ‘పస్తుంటే వాడే దారికొస్తాడు’ అని బావగారు బెదిరించారు. ఉడుత ఊపులకు కాయలు రాలతాయా అంటారు. ఇక్కడ ఊపినది మనిషి, రాలనిది ఉడుత. తర్వాత దోసకాయ ముక్కల మీద పల్లీపొడి చల్లి చూశారు. పొడి మొత్తం నాకేసి, కడిగిపెట్టినట్టున్న ముక్కల్ని వాపసు చేశారు. నూరు గ్రాములకి కాల్షియం 340 మిల్లీగ్రాముల పైమాటే అని చెప్పి రాగిపిండి ఉండ పెడితే, దాన్ని చీమలు తిన్నాయి. ఆ చీమల ఎముకల గురించి ఇప్పుడు మనం నిశ్చింతగా ఉండవచ్చు, వాటికి ఎముకలే లేకపోయినా.

అలాగని ఆయన మూర్ఖుడేమీ కాదు. పక్షుల దుకాణంలో కొన్న సముద్రపు నురుగు ముక్కని, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని గట్టి పెంకుని, మాత్రం ఇష్టంగా కొరికారు. జీవితాంతం పెరిగే పళ్లు కదా, అరగదీయాల్సిందే. పనిలో పనిగా కాస్త కాల్షియమూ లోపలికి వెళ్లింది. బావగారి ప్రభుత్వం దీన్ని తన విజయంగా ప్రకటించుకుంది.

అసలు లొసుగు సరఫరాలో ఉంది. నిషేధం అమల్లో ఉన్న రోజుల్లోనే చిట్టిబాబు గారు నిగనిగలాడుతుంటే బావగారికి అనుమానం వచ్చింది. విచారణలో తేలిందేమిటంటే, బావగారి కన్నతల్లి కొంగుముడిలో పల్లీల నిల్వ ఉంది. మధ్యాహ్నం ఆవిడ వాలుకుర్చీలో నడుం వాల్చగానే ఉడుత భుజం మీదికెక్కడం, ముడి విప్పుకోవడం, పని చూసుకుని దిగిపోవడం. నిలదీస్తే ఆవిడ ఒకటే మాటన్నారు: ‘రాముడు నిమిరిన వీపురా అది. వారధి కట్టిన వంశానికి పథ్యం పెట్టడానికి నువ్వెవడివిరా?’ రేషను పక్కదారి పట్టడం గురించి మనం సంపాదకీయాలు రాస్తాం. పక్కదారి మన ఇంట్లోంచే, అదీ పూజగది పక్క నుంచే పోతుంటే రాయడానికి కలం కదలదు.

చివరికి దారి చూపించింది ఉడుతే. ఓ రాత్రి మిగిలిన మునగాకు పప్పుని మర్నాడు పొద్దున అక్క బావగారి పళ్లెంలో వడ్డించింది. ఆయన దాన్ని ఓ పక్కకి నెట్టేసి, మాట వరసకి రెండు ముద్దలు తిన్నారు. పక్కనే ఉన్న చిట్టిబాబు గారు పళ్లెం అంచు మీదికి దూకి, పప్పు అంటని ఓ రెమ్మ లాక్కుని, ఆకులన్నీ వరసగా నమిలేశారు. కిటికీలో పెడితే చెత్త, యజమాని నోటి దగ్గరిది లాక్కుంటే అమృతం. మర్నాడు మళ్లీ పరీక్షించారు. అక్క ఈసారి ఉప్పూకారం లేని పచ్చి రెమ్మ ఒకటి పళ్లెం అంచున పెట్టింది. బావగారు మునగాకు తింటే ఉడుత తింటుంది, బావగారు మానేస్తే ఉడుతా మానేస్తుంది. నానబెట్టిన రాగులకీ, సొరకాయ ముక్కకీ అదే నిబంధన.

షుగరొచ్చిన దగ్గర్నుంచీ డాక్టరు ఆకుకూరలు తినమంటున్నా వినని మనిషి, ఉడుత ఎముకల కోసం రోజూ మునగాకు మింగాల్సిన పరిస్థితి. వారం తిరక్కుండానే బావగారి విధానంలో మౌలికమైన మార్పు వచ్చింది. వన్యప్రాణుల ఆహారపు అలవాట్లలో మనిషి జోక్యం చేసుకోవడం ప్రకృతి విరుద్ధమనీ, ఉడుతకీ వ్యక్తి స్వేచ్ఛ ఉంటుందనీ, ఫ్రిజ్ మీది పళ్లెం బొమ్మని వెంటనే తీసేయాలనీ భోజనాల బల్ల దగ్గర గంభీరంగా ప్రకటించారు. అత్తగారు కొడుకుని మొదటిసారి సమర్థించారు.

అక్క మాత్రం గరిటె దించలేదు. ‘ఇంకో గరిటె వేస్తున్నానండీ, కాదనకండి. చిట్టిబాబు చూస్తున్నాడు.’