గుడ్ ఫ్రైడేపై లేఖ

2015లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3న వచ్చింది. హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తుల సదస్సు ఢిల్లీలో సరిగ్గా ఆ రోజే మొదలైంది. క్రైస్తవులకు అది ఉపవాసంతో గడిచే రోజు. మన ఊళ్ల చర్చిల్లోనూ ఆ మధ్యాహ్నం సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కురియన్ జోసెఫ్ అప్పటి ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తుకు ముందుగానే అభ్యంతరం రాశారు. దీపావళి, దసరా, ఈద్ రోజుల్లో ఇలాంటి కార్యక్రమాలు పెట్టడం లేదు కదా అని అడిగారు. సంస్థ ప్రయోజనం ముఖ్యమా, వ్యక్తి ప్రయోజనమా అన్న ప్రశ్నే ఆయనకు జవాబుగా వచ్చింది. పండుగకు కేరళలో కుటుంబంతో ఉంటానని ప్రధానమంత్రికి లేఖ రాసి, సదస్సు విందుకు రాలేనన్నారు.

న్యాయమూర్తి తన మతాన్ని ఇలా బయటపెట్టుకోవచ్చా అని అప్పట్లో విమర్శలు వచ్చాయి. వాటితో మేము ఏకీభవించం. విశ్వాసం గుమ్మం బయట విడిచి వచ్చే చెప్పుల జత కాదు. అది తీర్పును ఎటువైపైనా వంచిందా అన్నదే చూడాలి. శంకరాచార్యులు పుట్టిన కాలడిలోని శ్రీ శంకర కళాశాలలో చదివిన ఈ సీరో మలబార్ (కేరళకు చెందిన కథోలిక శాఖ) విశ్వాసి తీర్పులను ఆ కంటితో చదివితే సందేహానికి తావు కనబడదు.

2017 ఆగస్టు 22 నాటి ముమ్మారు తలాక్ తీర్పునే తీసుకుందాం. అయిదు మతాలకు చెందిన అయిదుగురు న్యాయమూర్తులు 3-2గా చీలిపోయారు. జస్టిస్ నారిమన్, జస్టిస్ లలిత్ ఆ పద్ధతిని సమానత్వ హక్కు కొలతతో కొట్టివేశారు. జస్టిస్ కురియన్ మత స్వేచ్ఛను ఏమాత్రం తగ్గించకుండా నేరుగా ఖురాన్‌నే ఆధారం చేసుకుని, ఖురాన్ తప్పన్నది షరియత్‌లో ఒప్పు కాజాలదన్నారు. ఆ మూడో ఓటుతోనే తీర్పు తేలింది. తన మతాన్ని ప్రేమించే మనిషి పరుల గ్రంథాన్ని ఇంత గౌరవంతో తెరవడం మాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది.

ఉరిశిక్ష విషయంలోనూ ఆయన ఒంటరిగా నిలిచారు. 2015 జులైలో ముంబయి పేలుళ్ల కేసు దోషి యాకూబ్ మెమన్ క్యూరేటివ్ పిటిషన్‌ను (పునఃసమీక్ష కూడా విఫలమయ్యాక వేసే చివరి అర్జీని) నిబంధనల ప్రకారం వినలేదని తోటి న్యాయమూర్తితో విభేదించారు. విస్తృత ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. జులై 30 తెల్లవారాక ఉరి అమలైంది. పదవీ విరమణకు ముందు రోజు, 2018 నవంబరు 28న, ఛన్నులాల్ వర్మ కేసులో మరణశిక్షనే పునఃపరిశీలించే సమయం వచ్చిందని రాశారు. శిక్ష తగ్గించడానికి ఒప్పుకున్న మిగతా ఇద్దరూ ఆ మాటకు మాత్రం ఒప్పుకోలేదు. అదే ఏడాది ఆగస్టులో పోప్ ఫ్రాన్సిస్ మరణశిక్ష ఎన్నటికీ సమ్మతం కాదని కథోలిక బోధనను సవరించారు. జస్టిస్ కురియన్ మాత్రం తన అభిప్రాయానికి ఆధారాలను శిక్షల విధింపులోని నిలకడలేమి నుంచి, మరణశిక్షపై లా కమిషన్ ఇచ్చిన 262వ నివేదిక నుంచి తెచ్చుకున్నారు.

2018 జనవరి 12న మన కృష్ణా జిల్లా బిడ్డ జస్టిస్ చలమేశ్వర్ ఇంటి ముందు, సుప్రీంకోర్టులో కేసుల కేటాయింపు తీరును తప్పుపడుతూ విలేకరులతో మాట్లాడిన నలుగురు న్యాయమూర్తుల్లో జస్టిస్ కురియన్ ఒకరు. పదవీ విరమణ తరువాత ప్రభుత్వ పదవులు తీసుకోబోమని చలమేశ్వర్, కురియన్ ఇద్దరూ ప్రకటించారు. ఆ నలుగురిలోనే మరొకరైన జస్టిస్ గొగోయ్ 2020లో రాజ్యసభకు వెళ్లినప్పుడు, న్యాయవ్యవస్థ స్వతంత్రతపై సామాన్యుడి నమ్మకం కదిలిపోయిందని జస్టిస్ కురియన్ బహిరంగంగా బాధపడ్డారు. ముమ్మారు తలాక్ ధర్మాసనంలోని జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో విరమించి, మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులయ్యారు. ఎవరి నిజాయతీనీ మేము శంకించడం లేదు. విరమణకూ నియామకానికీ మధ్య కనీసం రెండేళ్ల ఎడం ఉండాలని చట్టమే చెప్పాలి.

జస్టిస్ కురియన్‌నూ ఇదే కొలతతో చూడక తప్పదు. కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి సంఘానికి అధ్యక్షులుగా నియమితులైంది ఆయనే. అప్పటికి విరమించి ఆరేళ్లు దాటింది, కనుక మేము కోరే గడువు ఆయనకు అడ్డు కాదు. అయినా అప్పట్లో కేంద్రంతో తగవులో ఉన్న ఒక రాష్ట్ర ప్రభుత్వం అప్పగించిన పని, 2018లో ఇచ్చిన మాటకు ఎలా పొసగుతుంది? గుడ్ ఫ్రైడే సదస్సుపై ప్రధాన న్యాయమూర్తినే నిలదీసి రాసిన కలం ఈ ప్రశ్నకూ జవాబు రాయాలి.