అరవయ్యో సెకను దగ్గరి అతుకు

బీటిల్స్ పాట ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ హెడ్‌ఫోన్లలో పెట్టుకుని సరిగ్గా ఒక నిమిషం ఆగండి. అప్పటిదాకా గిటారు, డ్రమ్ములు, మెలోట్రాన్ అనే కీబోర్డుతో తేలిగ్గా నడిచిన పాటలోకి సెల్లోలు, ట్రంపెట్లు దిగుతాయి. గొంతు బరువెక్కి మత్తుగా సాగుతుంది. స్వరకర్త రాసుకున్న మలుపు కాదది. బ్లేడుతో టేపు కోసి, ఇంకో రోజున, ఇంకో శ్రుతిలో, ఇంకో వేగంలో రికార్డు చేసిన టేపు ముక్కను అక్కడ అంటించారు.

1966 నవంబర్ 24న లండన్ అబ్బీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో ఈ పాట మొదలైంది. చివరికి రెండు రూపాలు మిగిలాయి. ఒకటి ఏడో టేక్, నెమ్మదిది. రెండోది ఇరవై ఆరో టేక్, నాలుగు ట్రంపెట్లు, మూడు సెల్లోలతో వేగంగా ఉరికేది. దీని మొదలూ దాని చివరా బాగున్నాయి, కలిపేయండి అన్నాడు జాన్ లెనన్. అనడం తేలికే. రెండింటి మధ్య హార్మోనియం మీద దాదాపు ఒక మెట్టు తేడా ఉంది, లయ కూడా వేరు. ఆనాటి టేపు మెషిన్‌లో వేగం పెంచితే శ్రుతి కూడా పెరిగిపోతుంది. ఒకటి మార్చి రెండోది అలాగే ఉంచడానికి దారి లేదు. ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. నెమ్మది టేకే తక్కువ శ్రుతిలో ఉంది, వేగం టేకే ఎక్కువ శ్రుతిలో ఉంది. దాన్ని కాస్త పెంచి, దీన్ని కాస్త తగ్గిస్తే లయ, శ్రుతి రెండూ ఒకచోటికి వచ్చాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ డిసెంబర్ 22న ఆ అతుకు వేశారు. ఒకే పాట రెండు సగాల్లో లెనన్ గొంతు రెండు రకాలుగా వినిపించడానికి కారణం ఇదే.

(1967 ఫిబ్రవరిలో ‘పెన్నీ లేన్’తో కలిపి విడుదలైన ఈ రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరలేదు. అడ్డుపడిన గాయకుడు ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్ పుట్టింది మద్రాసులో. రింగో స్టార్‌కు ముందు బీటిల్స్‌కు డ్రమ్ములు వాయించిన పీట్ బెస్ట్ పుట్టిందీ మద్రాసులోనే.)

అరవైల బ్రిటిష్ రాక్ మీద అభిమానం ఇంకా ఎందుకు చల్లారలేదని అడిగితే ‘పాత జ్ఞాపకాలు’ అనేది రెడీమేడ్ జవాబు. నప్పని జవాబు కూడా. ఈ పాటలకు చెవి కోసుకునేవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. లేని జ్ఞాపకాన్ని ఎవరూ తవ్వుకోలేరు. నాకు కనిపించే కారణం వేరు. ఈ రికార్డుల్లో చేతిపని వినిపిస్తుంది. ఏం చేశారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో, దేన్ని వదులుకున్నారో వినేవాడు పట్టుకోగలడు. ఈనాటి పాటలో వందకు పైగా ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసిన పొరలు, ఉండొచ్చు, ప్రతి అతుకూ కనపడకుండా తుడిచేసి ఉంటుంది. అరవైలవాళ్లకు తుడిచే వీలే లేదు.

అబ్బీ రోడ్‌లో అప్పుడున్నది స్టూడర్ జె37 అనే మెషిన్, ఒక అంగుళం వెడల్పు టేపు మీద నాలుగు ట్రాకులు. డ్రమ్ములు, బేస్, గిటారు, గొంతు అంటే నాలుగూ నిండిపోయినట్టే. ఐదోది కావాలంటే ఆ నాలుగింటినీ కలిపి రెండో మెషిన్‌లో ఒకటి రెండు ట్రాకుల మీదికి ఎక్కించాలి, ఖాళీ అయిన ట్రాకుల్లో కొత్తవి వాయించాలి. చిక్కంతా అక్కడే. ఒకసారి కలిపాక డ్రమ్ములు ఎక్కువయ్యాయి, గిటారు తగ్గింది అంటే చేసేదేమీ ఉండదు. పాయసంలో బెల్లం కలిశాక వెనక్కి తీయలేనట్టే. పైగా కాపీ తీసిన ప్రతిసారీ టేపు ‘హిస్స్’ పెరుగుతుంది, డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి తాళాల (సింబల్స్) మెరుపు కాస్త మొద్దుబారుతుంది. అందుకే పాట సగంలో ఉండగానే చివర ఎలా ఉండాలో తేల్చుకోవాల్సి వచ్చేది. వాయిద్యాలూ గాయకులూ కలిసి ఒకేసారి రికార్డు చేసిన ఘంటసాల కాలం నాటి పాటలు విన్న చెవులకు ఈ కట్టుదిట్టం కొత్తగా అనిపించదు. మద్రాసు స్టూడియోల్లో ఆ ఒత్తిడి ఒక టేక్‌లో తీరిపోయేది, అబ్బీ రోడ్‌లో వారాల తరబడి సాగేది.

పరికరాల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మెలోట్రాన్ బర్మింగ్‌హామ్‌లోని స్ట్రీట్లీ కంపెనీ తయారు. చూడటానికి ఆర్గన్‌లా ఉంటుంది గానీ లోపల ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క. మార్క్ 2 రకంలో పక్కపక్కనే రెండు కీబోర్డులు, ఒక్కోదానికి 35 మెట్లు. మెట్టు నొక్కితే వేణువో వయొలినో వాయించిన నిజమైన రికార్డింగు కదులుతుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వేలు ఎత్తితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. పూర్తిగా వెనక్కి పోకముందే మళ్లీ నొక్కితే స్వరం మధ్యలోంచి అందుకుంటుంది. ఒకేసారి ఎక్కువ మెట్లు నొక్కితే మోటారు మీద బరువు పడి శ్రుతి జారుతుంది. ఇన్ని తిప్పలున్న వాయిద్యాన్ని లొంగదీసినవాడు మూడీ బ్లూస్ బ్యాండు సభ్యుడు మైక్ పిండర్. ఆయన గతంలో ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’ మొదట్లో వినిపించే వేణువులు ఈ పెట్టెలోవే. శ్రద్ధగా వింటే స్వరాలు కొంచెం వణుకుతుంటాయి. ఆ వణుకు తీసేసిన శుభ్రమైన డిజిటల్ నకళ్లు ఇప్పుడు బోలెడు ఉన్నాయి. వాటిలో ప్రాణం లేదు.

చెడగొట్టడం కూడా ఒక విద్యే. 1964లో కింక్స్ గిటారిస్టు డేవ్ డేవీస్ తన చిన్న ఎల్‌పికో ఆంప్లిఫయర్ స్పీకరు కాగితాన్ని రేజర్ బ్లేడుతో కోసి, దాని అవుట్‌పుట్‌ను వాక్స్ ఏసీ 30 అనే పెద్ద ఆంప్లిఫయర్‌లోకి పంపాడు. చిరిగిన కాగితం దడదడలాడి ‘యు రియల్లీ గాట్ మి’లోని ఆ బొంగురు మోత పుట్టింది. అంతకు రెండేళ్ల ముందే లండన్ హాలొవే రోడ్ 304లో, తోలు సామాన్ల దుకాణం పైనున్న ఇంట్లో, నిర్మాత జో మీక్ ‘టెల్‌స్టార్’ అనే రికార్డు తయారుచేశాడు. అమెరికాలో మొదటి స్థానం కొట్టిన తొలి బ్రిటిష్ బ్యాండు రికార్డు అదే. 1967లో మీక్ చనిపోయాక మిగిలిన టేపులు 67 టీ పెట్టెల్లో దశాబ్దాలు మూలుగుతూ పడున్నాయి. 2020లో ఒక రికార్డు సంస్థ కొని, ఒక్కో రీలూ విప్పి వినడం మొదలుపెట్టింది. పాత చింతకాయ పచ్చడి అని కొట్టిపారేసేవాళ్లు గమనించాల్సింది, ఆ జాడీ ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు.

అలాగని ఆ కాలపు ప్రతి ప్రయోగమూ గొప్పదేం కాదు. 1967లో స్మాల్ ఫేసెస్ ‘ఇచికూ పార్క్’లో రెండు టేపు మెషిన్లను కొద్ది తేడాతో నడిపి సాధించిన ‘ఫేజింగ్’ పాటను గాల్లోకి లేపింది. ఆ తర్వాత ఏడాది పాటు దాన్ని కూరల్లో ఇంగువలా ప్రతిదాంట్లో చల్లారు. చాలామటుకు వాసన తప్ప రుచి లేదు.

ఇక అభిమానుల మధ్య ఎడతెగని తగువు, మోనోనా (ధ్వనంతా ఒకే ధారలో) స్టీరియోనా (ఎడమకూ కుడికీ వేరువేరు ధారల్లో) అన్నది. బయటివాళ్లకు ఇది చాదస్తం. వివరాల్లోకి వెళ్తే కాదని తెలుస్తుంది. 1967లో బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లలో ఉన్నవి మోనో ప్లేయర్లు. అందుకే ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బమ్ మోనో మిక్స్‌కు (ట్రాకులన్నీ తగిన పాళ్లలో కలిపిన తుది రూపానికి) బీటిల్స్ దగ్గరుండి ఎక్కువ సమయం పెట్టారు, స్టీరియో మిక్స్ తర్వాత చకచకా ముగించారు. ‘షీజ్ లీవింగ్ హోమ్’ మోనోలో దాదాపు ఒక మెట్టు పైన, వేగంగా ఉంటుంది. స్టీరియోలో ఈడుస్తూ నడుస్తుంది. ‘హెల్టర్ స్కెల్టర్’కు తిరకాసు అటుది ఇటు. చివర్లో తన వేళ్లు బొబ్బలెక్కాయని రింగో అరిచే అరుపు స్టీరియోలోనే ఉంటుంది. అంటే ఒక పాటకు రెండు సాక్ష్యాలు. రెండూ వినాల్సిందే. ఒకటే వినే ఓపిక ఉంటే 1968 దాకా వచ్చిన రికార్డులకు మోనోయే నా ఓటు.

బీటిల్స్ తొలి రెండు ఆల్బమ్‌ల స్టీరియోను హెడ్‌ఫోన్లలో వింటే గొంతు ఒక చెవిలో, వాయిద్యాలన్నీ ఇంకో చెవిలో ఉంటాయి. హెడ్‌ఫోన్ పాడైందనుకోవద్దు. అవి రెండు ట్రాకుల టేపులు, ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టేశారు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే తలనొప్పి తగ్గుతుంది. అయితే అది అసలు మోనో మిక్స్ అనుకుంటే పొరపాటు. స్టీరియోను మడతపెడితే మధ్యలో ఉన్నవి పైకి తేలి, పక్కనున్నవి అణిగిపోతాయి.

రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. మోనో రికార్డు గాడిలో సంగీతం పక్కలకు ఊగే కదలికలోనే ఉంటుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని కదలికను కరెంటుగా మార్చే భాగం) పైకీ కిందికీ కదిలే కదలికను కూడా చదువుతుంది. అంటే దుమ్మును, అరుగుదలను కూడా శబ్దంగా మార్చి ఇస్తుంది. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కితే ఆ చిటపటల్లో చాలా భాగం దానంతట అదే రద్దవుతుంది. ‘ఎలక్ట్రానిక్ స్టీరియో’ అని అట్ట మీద ఉన్న పాత రికార్డులు కొనకండి. మోనో టేపునే విడదీసి బేస్ ఒకవైపు, కీచు ఒకవైపు తోసిన మోసం అది. జాంబీస్ ఆల్బమ్ ‘ఒడెసీ అండ్ ఒరాకిల్’లో ‘దిస్ విల్ బి అవర్ ఇయర్’కు ఈ గతి ఎందుకు పట్టిందంటే, అందులోని బాకాలను మల్టీట్రాక్ టేపు మీద కాకుండా మోనో మిక్స్ చేస్తుండగానే నేరుగా కలిపారు. కంపెనీ స్టీరియో అడిగేసరికి విడిగా బాకాలే లేవు. ఆ ఆల్బమ్ 1968లో వచ్చేటప్పటికి బ్యాండు విడిపోయింది. 1969లో అందులోని ‘టైమ్ ఆఫ్ ది సీజన్’ అమెరికాలో మూడో స్థానానికి ఎక్కింది. పండగ చేసుకోడానికి బ్యాండు లేదు.

మన దేశానికి ఈ కథలో చిన్నదైనా గట్టి చోటు ఉంది. సితారు, రుషీకేశ్ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. కలకత్తా డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలు లక్క కలిపిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పళ్లేలుగా అచ్చయ్యాయి. బ్రిటన్‌లో అప్పటికే 78ల తయారీకి స్వస్తి చెప్పారు. ఇక్కడ కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చే గ్రామఫోన్లు ఇంకా తిరుగుతున్నాయి కనక ఆగలేదు. బీటిల్స్, 78 ఆర్‌పీఎం అనే రెండు కాలాలు ఒకే పళ్లెం మీద కలిసినందుకే ప్రపంచమంతటి సేకర్తలు వీటికోసం వెతుకుతారు. తాతగారి పెట్టెలో పార్లోఫోన్ లేబుల్‌తో అలాంటిది దొరికితే స్పిరిట్‌తో తుడవకండి. ఆల్కహాల్‌కు లక్క కరుగుతుంది, గాడి చెరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల తేలికపాటి డిష్‌వాష్ ద్రవం వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరనివ్వాలి. కాగితం లేబుల్ తడవకూడదు. వినడానికి 75 మైక్రాన్ల స్టైలస్ వాడాలి. ఎల్‌పీల కోసం చేసిన 18 మైక్రాన్ల సూది ఆ వెడల్పు గాడి అడుగున దుమ్ములో కూరుకుపోయి గరగర తప్ప ఏమీ వినిపించదు. కీ గ్రామఫోన్‌లో వేస్తే ప్రతి వైపుకూ కొత్త ఉక్కు ముల్లు పెట్టాలి. వినైల్ ఎల్‌పీని మాత్రం దాని మీద ఎప్పుడూ వేయకండి, ఒక్కసారికే గాడి చెక్కేస్తుంది.

సేకర్తల పిచ్చికి పరాకాష్ఠ ‘రివాల్వర్’. 1966 ఆగస్టులో వచ్చిన మొదటి మోనో కాపీల్లో కొన్నింటికి రెండో వైపు లోపలి అంచున ‘ఎక్స్‌ఈఎక్స్ 606-1’ అని చెక్కి ఉంటుంది. ఆ కాపీల్లో ‘టుమారో నెవర్ నోస్’ వేరే మిక్స్. వెంటనే మార్చేశారు కాబట్టి అవి అరుదు. తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఆ వెతుకులాట వెర్రిగా అనిపించదు. తంబురా శ్రుతిలా ఒకే ఆధారం పట్టుకుని నడిచే పాట అది. పైన తేలే వింత కూతలు ఐదు టేపు లూపులు, అంటే రెండు కొసలూ అతికించి ఆగకుండా తిప్పే టేపు చుట్టలు. భవనంలో ఒక్కో గదిలో ఒక్కో మెషిన్ మీద అవి తిరుగుతుంటే, టేపు బిగువు సడలకుండా ఉద్యోగులు పెన్సిళ్లతో పట్టుకుని నిలబడ్డారు. మిక్సింగ్ బల్ల దగ్గర ఫేడర్లను (ధ్వని పెంచి తగ్గించే మీటలను) అప్పటికప్పుడు పైకీ కిందికీ తోస్తూ లూపులను వాయించారు. కచేరీలో మనోధర్మం లాంటిది, రెండోసారి అచ్చంగా అలాగే రాదు.

కొన్నేళ్లుగా కంప్యూటర్ ఆ కలిసిపోయిన ట్రాకులను మళ్లీ విడదీస్తోంది. 2022లో ‘రివాల్వర్’ కొత్త స్టీరియో మిక్స్ అలా వచ్చిందే. గొంతు మధ్యకు వచ్చింది, డ్రమ్ములు విప్పారాయి, హెడ్‌ఫోన్లలో హాయిగా ఉంది. పాయసంలో బెల్లం వెనక్కి తీశారన్నమాట. కొత్తవాళ్లు దాంతోనే మొదలుపెట్టినా తప్పులేదు. కానీ ఇరుకులో తీసుకున్న నిర్ణయాలను వెడల్పు చేసి చూపిస్తే అవి ఎవరి నిర్ణయాలో తెలియకుండా పోతుంది. ఆ మిక్స్‌తో వచ్చిన బాక్స్ సెట్‌లో మోనో డిస్కు కూడా ఇచ్చారు, అది పక్కన పెట్టొద్దు.

ఆఖరుగా ‘ఎ డే ఇన్ ది లైఫ్’ చివరి మోత వినండి. 1967 ఫిబ్రవరి 22న మూడు పియానోల మీద నలుగురు కలిసి ‘E మేజర్’ అనే కార్డ్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) కొట్టి చేతులు తీయకుండా ఉంచారు, జార్జ్ మార్టిన్ హార్మోనియం కలిపాడు. ధ్వని తగ్గేకొద్దీ ఇంజినీర్ ఫేడర్లు పైకి తోస్తూ పోయాడు, అందుకే అది నలభై సెకన్లకు పైగా నిలిచింది. చివరికి మైకులు గదిలోని నిశ్శబ్దాన్ని కూడా పట్టేసే స్థితి. ఆ అంచున ఒక కుర్చీ కిర్రుమంటుంది. అది పట్టుకోవాలంటే వాల్యూమ్ పెంచాల్సిందే. కిర్రు వినగానే తగ్గించండి. వెనకే 15 కిలోహెర్ట్జ్ కూత వస్తుంది. యాభై దాటినవాళ్లలో చాలామందికి అది వినపడదు గానీ, ఇంట్లో కుక్క ఉంటే ముందు అదే లేచి నిలబడుతుంది.