సవరణ: ఎదురు వాదన వచ్చినంత మాత్రాన వాదన వీగిపోదు

వాదనల ఆధారంగా నిర్ణయం తీసుకునే పద్ధతి గురించి మొన్న రాస్తూ, "ఎదురు వాదన ఒక్కటి ఉన్నా అసలు వాదన వీగిపోతుంది" అన్నాను. అది నా పొరపాటు. ఈ పద్ధతికి పునాది వేసిన ఫాన్ మిన్ డుంగ్ 1995 నాటి పరిశోధన వ్యాసం మళ్లీ చదివాక తెలిసింది.

ఆ ఎదురు వాదన తాను నిలబడుతుందా అన్నది అసలు ప్రశ్న. నేనిచ్చిన ఉదాహరణే చూడండి. పక్షవాతం రాకుండా రోగికి రక్తం పలచబడే మందు ఇవ్వాలన్నది మొదటి వాదన. కడుపులో పుండు ఉంది, రక్తస్రావం అవుతుంది, కాబట్టి వద్దన్నది రెండోది. ఎండోస్కోపీలో పుండు లేదని తేలిందన్నది మూడోది. మూడోదానికి ఎదురు లేదు కాబట్టి రెండోది పడిపోతుంది, మొదటిది తిరిగి నిలుస్తుంది. మందు ఎందుకిచ్చారని ఇంట్లోవాళ్లు టెన్షన్‌తో అడిగితే, ఈ గొలుసునే వివరణగా చెప్పొచ్చు. నాకు ఈ పద్ధతి మీద ఇష్టం కలిగిందే అందుకు.

ఇక రెండు వాదనలు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ, తేల్చే సమాచారం లేకపోతే? ఏ వాదన నిలుస్తుందో తేల్చే లెక్కల్లో అన్నిటికన్నా జాగ్రత్తైన దానిలో, రెండింటిలో దేన్నీ ఒప్పుకోరు. దాన్ని "మందు వద్దు" అన్న నిర్ణయంగా రాయడం కూడా తప్పే. అక్కడ నిర్ణయం ఇంకా తేలలేదు, అంతే.