ముప్ఫై ఏళ్ల పనికి మూడేళ్ల కొలువు

సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటావైరస్ టీకాను 2016లో మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో ఐదేసి చుక్కలు. దాని మూలం 1980ల మధ్యలో ఉంది. వైరస్ సోకినా విరేచనాలు కాని నవజాత శిశువుల నుంచి ఢిల్లీ ఎయిమ్స్‌లో మహరాజ్ కిషన్ భాన్ బృందం 116ఈ రకాన్ని వేరుచేసింది. 6,799 మంది శిశువులపై మూడో దశ పరీక్ష జరిగింది. లైసెన్సు 2014లో వచ్చింది. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితమంతా దాదాపు అందులోనే గడిచిపోయింది.

అయినా పని మిగిలే ఉంది. ఆ టీకా తొలి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి కాస్త పైగా ఆపింది. నోటి టీకాలు సంపన్న దేశాల పిల్లల్లో చేసినంత పని ఇక్కడ చేయవు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పేగుల్లో ఇతర ఇన్ఫెక్షన్లు, పోషకాహార లోపం కారణాలై ఉండొచ్చని శాస్త్రవేత్తల అనుమానం. తేల్చాలంటే ఇక్కడి పిల్లల రక్తమే, ఒకే బిడ్డ నుంచి ఏళ్ల తరబడి తీసి, దాచి, పోల్చి చూడాలి.

దాచడం చేతిపని. రక్తం తీసిన ఎనిమిది గంటల్లోపు అందులోని రోగనిరోధక కణాలు వేరు కావాలి. గొట్టం వంచి, సాంద్రతను బట్టి కణాలను విడదీసే ఫైకాల్ ద్రవం మీద రక్తాన్ని కలిసిపోకుండా పొరలా పోయాలి. గొట్టాన్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రాన్ని బ్రేకు లేకుండా ఆగనివ్వాలి, లేదంటే వేరుపడిన కణాల పొర చెదురుతుంది. గడ్డకట్టినా కణాలు బతకడానికి కలిపే పది శాతం డీఎంఎస్‌ఓ ద్రవం మామూలు వేడిలో కణాలకు విషం కాబట్టి, కలిపిన వెంటనే నిమిషానికి ఒక్కో డిగ్రీ చొప్పున చల్లబరచాలి. తొందరపడితే కణంలోపలే మంచు పలుకులు లేచి కణం పైపొరను చీలుస్తాయి. ఆ రాత్రికి మైనస్ 80 డిగ్రీలు చాలు, ఆ తర్వాత ద్రవ నైట్రోజన్‌లోకి మార్చాల్సిందే. మార్చడం మరిచి నెలలు గడిస్తే, కరిగించిన రోజున బతికిన కణాలు చాలవు.

ఇంత నేర్చిన చేతికి మనమిచ్చేదేమిటి? జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ కింద రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై రూ.42,000, మొత్తం ఐదేళ్లు. తర్వాత మూడేళ్ల ప్రాజెక్టులు. మూడో ఏడు వచ్చేసరికి మనిషి ధ్యాసంతా తదుపరి కొలువు మీదే. వెళ్లిపోయాక ట్యూబుల మీద గీతల అర్థం చెప్పేవారుండరు. పైగా మామూలు మార్కర్ రాత డీఎంఎస్‌ఓ తగిలితే చెరిగిపోతుంది కూడా.

విశాఖకు కావాల్సినవి చాలా ఉన్నాయి: 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), ఛాతీ ఆసుపత్రి, ఆంధ్ర విశ్వవిద్యాలయం, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్. దగ్గర్లోనే మలేరియా వదలని ఏజెన్సీ. అందరూ వాడుకునే నమూనాల నిల్వ ఒకటి పెట్టి, దానికి శాశ్వత సిబ్బందిని ప్రభుత్వం ఇవ్వాలని మేం కోరుతున్నాం. టెండరు పిలిచి ఫ్రీజర్ కొనడం తేలిక. నైట్రోజన్ రోజూ ఆవిరవుతూనే ఉంటుంది, మట్టం కొలిచి నింపే మనిషికి జీతం దొరకడమే కష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దెబ్బకు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి ప్రతి నమూనానూ రెండుగా పంచి, ఒక భాగం తీరానికి దూరంగా దాచాలి. జనరేటరు, డీజిల్, నైట్రోజన్ ఏర్పాట్లు ఏటా తుపానుల కాలానికి ముందే, సెప్టెంబరులోపే సరిచూడాలి.