కొలిచి చెప్పేవారు కావాలి

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖాయమైందంటే ఆ ఇంట్లో తర్వాతి ఖర్చు ల్యాప్‌టాప్. నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా యాభై, అరవై వేలు చేతపట్టుకుని వచ్చే తండ్రికి దారి చూపేవారు ఇద్దరే. ఒకరు కౌంటర్ దగ్గరి సేల్స్ కుర్రాడు, మరొకరు ఫోన్‌లో వీడియో చేసే మనిషి. మొదటివారికి కమీషన్ ఉంటుంది. రెండోవారికి పెట్టె కంపెనీయే పంపి ఉంటుంది, చెప్పాల్సిన మాటలూ చాలాసార్లు కంపెనీవే. వస్తువును కొలిచి, ఆ అంకెను కొనేవారి ముందు పెట్టే మూడో మనిషి మన జిల్లాల్లో లేరు. ఈ లోటు మామూలు విషయం కాదని మా అభిప్రాయం.

ఆ మూడో మనిషి ఎలా ఉంటారో ఆనంద్ లాల్ షింపీ జీవితం చూస్తే తెలుస్తుంది. 1997లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం రాలీ నగరంలో, 14 ఏళ్ల వయసులో, ఆయన ‘ఆనంద్‌టెక్’ ప్రారంభించారు. ప్రాసెసర్లు, మదర్‌బోర్డులు తెచ్చి, పరీక్షించి, ఫలితాలు రాయడమే పని. సైటు నడుపుతూనే నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. చదువుకుంటూనే ఇంత పని చేయవచ్చన్న సంగతి మన ఇంజినీరింగ్ విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

2009 నాటికి డేటాను చిప్పుల్లో దాచే డ్రైవులైన ఎస్ఎస్‌డీలు కొత్త. పెట్టె మీద పెద్ద ఫైలు రాసే వేగాన్ని ఘనంగా అచ్చువేసేవారు. చౌక డ్రైవులు కొన్న జనం మాత్రం కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందని మొత్తుకునేవారు. ఆనంద్ పెద్ద ఫైళ్లను పక్కనపెట్టి, 4 కిలోబైట్ల చిన్న ముక్కలను అక్కడొకటి ఇక్కడొకటి రాయించి, ఒక్కో రాతకు ఎంత ఆలస్యమవుతోందో కొలిచారు. జబ్బు అక్కడే దొరికింది. ఓసీజెడ్ కంపెనీ కొత్త డ్రైవులోనూ ఇదే లోపం ఉందని ఆయన నేరుగా చెబితే, పెట్టె మీది వేగం తగ్గినా ఫర్వాలేదని ఆ కంపెనీ డ్రైవును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ మార్చింది. విలేకరి కొలత వస్తువు తయారీనే మార్చిన సందర్భమిది.

2013 జులైలో ఇంకోటి. శాంసంగ్ సొంత ఎక్సినోస్ ప్రాసెసర్ ఉన్న గెలాక్సీ ఎస్4 ఫోన్లలో గ్రాఫిక్స్ చిప్పు మామూలు ఆటలకు 480 మెగాహెర్ట్జ్ దాటదు. వేగం కొలిచే కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లు తెరిస్తే మాత్రం 532కు ఎగబాకుతుంది. ఎవరో గమనించి ఇచ్చిన ఆచూకీ పట్టుకుని ఆనంద్‌టెక్ బృందం దీన్ని నిర్ధారించింది. ఫోన్ లోపలి కోడ్‌లో ఆ యాప్‌ల పేర్లు, వాటి పక్కన ‘బెంచ్‌మార్క్ బూస్టర్’ అన్న మాట కూడా దొరికాయి. అంకెలు పెంచి చూపాలన్న ఉద్దేశం లేదని కంపెనీ చెప్పుకుంది. నిజానిజాలు పాఠకుడే తేల్చుకునేలా అంకెలు మాత్రం బయటికి వచ్చేశాయి.

ఇలాంటి కొలతలు మనకు ల్యాప్‌టాప్‌ల కంటే రొయ్యల గుంటల దగ్గరే ఎక్కువ అవసరం. ఇందుకూరుపేట, విడవలూరు వైపు వనామి రొయ్యల రైతు నమ్ముకునేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే, చేతిలోని డీఓ మీటర్‌నే. ఆ మీటర్‌లో సెలినిటీ, అంటే నీళ్ల ఉప్పదనం అంకె మార్చకుండా సున్నా దగ్గరే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 28 డిగ్రీల మంచినీళ్లు లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. అదే వేడిలో 20 పీపీటీ (వెయ్యి పాళ్లకు 20 పాళ్ల ఉప్పు) ఉప్పునీళ్లు పట్టుకునేది 7 మిల్లీగ్రాములే. అంటే తెల్లవారుజామున మీటర్ 4 చూపిస్తే నీళ్లలో ఉన్నది 3.6. రైతు ‘ఇంకా ఉందిలే’ అనుకుని నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఒకటి ఆపేది సరిగ్గా ఆ గంటలోనే. దీనికి తోడు మీటర్ మొనకు ఉండే పలుచని పొర, మెంబ్రేన్ మీద పాచి పడితే అంకె నెమ్మదిగా కదులుతుంది. నిలకడ రాకముందే రాసుకుంటే ఆ అంకె కూడా తప్పే. ఏ మీటర్‌లో సెలినిటీ మార్చే వీలుంది, ఏది ఎన్ని సెకన్లలో నిలబడుతుంది, ఏ మెంబ్రేన్ ఎన్ని వారాలు పనిచేస్తుంది అని పక్కపక్కన పెట్టి చెప్పిన తెలుగు సమీక్ష మా కంటబడలేదు.

ఏరియేటర్ల సంగతీ అంతే. 2 హెచ్‌పీ మోటార్ అంటే ఒకటిన్నర కిలోవాట్. లైను చివర గుంటలో 415 వోల్టులు రావాల్సిన చోట 360 వస్తే, అదే బరువు లాగడానికి మోటార్ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. నిండు వోల్టేజీలో చేసిన పరీక్ష ఆ రైతుకు పనికిరాదు. వోల్టేజీ తగ్గించి, తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి, గంట తర్వాత మోటార్ ఒంటి వేడి చూడాలి.

పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక కావాలి. వస్తువును దుకాణంలో డబ్బిచ్చి కొనాలి. కంపెనీ పంపే నమూనా ఏరి పంపినది కావచ్చు. పైగా అదే మోడల్ పేరుతో కొన్నాళ్లకు లోపలి చిప్పులు మారిపోవడం ఎస్ఎస్‌డీల్లో ఉన్నదే. గది వేడి రాయాలి. ఒంగోలు మే నెల ఎండలో ఫోన్ ప్రవర్తించే తీరు ఏసీ గదిలో కనబడదు. తొలి నిమిషం అంకె కాకుండా ఇరవయ్యో నిమిషం అంకె రాయాలి, చిప్పు వేడెక్కి వేగం తగ్గించుకునేది అప్పుడే. ఎస్ఎస్‌డీని ఖాళీగా కాక ముప్పాతిక వంతు నింపి పరీక్షించాలి. ప్రతి పరీక్షా మూడుసార్లు చేయాలి. మూడూ కలవకపోతే ఎందుకో తేలేదాకా అచ్చువేయకూడదు.

డబ్బు దగ్గరే ఈ వృత్తి జారుతుంది. 2005లో స్టార్టప్ వార్తల సైటు టెక్‌క్రంచ్ స్థాపించిన మైఖేల్ ఆరింగ్టన్ 2010లో దాన్ని అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్‌కు అమ్మారు. మరుసటి ఏడాదే స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే నిధి మొదలుపెట్టి, వాటి గురించే రాసే సంస్థకు సారథిగా ఎలా ఉంటారన్న వివాదంలో బయటికి వెళ్లారు. ఆనంద్ 2014లో రచన మానేసి ఆపిల్‌లో చేరారు. ఆనంద్‌టెక్ చేతులు మారి, 27 ఏళ్ల తర్వాత 2024 ఆగస్టు 30న ప్రచురణ నిలిపేసింది. రాతపూర్వక సాంకేతిక విలేకరితనానికి మునుపటి గిరాకీ లేదని వీడ్కోలులోనే చెప్పింది. నిజాయతీ ఒక్కటే సంస్థను నిలబెట్టలేదని మేము ఒప్పుకుంటాం. అందుకే ఈ పనిని ప్రకటనల మీద కాక కళాశాలల మీద ఆనించాలని కోరుతున్నాం. ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఉంది, రెండు జిల్లాల్లోనూ ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. క్లాంప్ మీటర్లు, ఆసిలోస్కోపులు ప్రయోగశాలల్లో ఉండేవే. చివరి ఏడాది ప్రాజెక్టుల్లో కొన్నింటిని ఈ పరీక్షలకు కేటాయించమని ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాం.

డబ్బు తీసుకుని వీడియోలు చేసేవారికీ ఒక మాట. ఆ సంగతి దాచిపెట్టడం నేరుగా చట్టం పరిధిలోకే వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

జమీన్ రైతు లాంటి పత్రికను దశాబ్దాల పాటు చదివి నిలబెట్టుకున్న నేల ఇది. అంకె రాసి పేరు పెట్టి చెప్పడం మనకు కొత్త కాదు. మొదలుపెట్టడానికి పది డీఓ మీటర్లు చాలు. కొనక్కర్లేదు, రైతుల దగ్గర ఉన్నవే ఒక పూటకు అడిగి తెచ్చి, ఒకే తొట్టి ఉప్పునీళ్లలో పక్కపక్కన ముంచి, సెలినిటీ సున్నా పెట్టి ఒకసారి, సరిచేసి ఒకసారి చూడండి. ఆ పట్టికను కంపెనీ పేర్లతో సహా మాకు పంపండి. మరో తొట్టిలో అవే మీటర్లతో మరోసారి సరిచూసి అచ్చువేస్తాం.