పోలీసు వెరిఫికేషన్ పత్రం వారికి నెల్లూరు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ పోలీసు వెరిఫికేషన్ పత్రం వారి దివ్యసముఖానికి,

నెల్లూరులో చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసి పొట్టపోసుకునే సామాన్యుడు చేసుకునే విన్నపం ఏమనగా:

తమరు క్షేమమని తలుస్తాను. తలవడమేమిటి, రోజూ చూస్తూనే ఉన్నాను. పోర్టు గేటు దగ్గర తమరే. గోడౌను కాపలాకు తమరే. మాగుంట లేఅవుట్ అపార్టుమెంట్లలో వాచ్‌మన్ కొలువుకు తమరే. చివరికి రొయ్యల చెరువు గట్టున రాత్రి కాపలా ఉండేవాడిని కూడా ఈమధ్య తమరిని వెంటబెట్టుకు రమ్మంటున్నారు. మనిషి పూర్వాపరాలు విచారించుకోనిదే రొయ్యలు మేత ముట్టడం లేదు కాబోలు.

తమరి మీద ఒక్క వాక్యం ఉంటే చాలు, మనిషి కడిగిన ముత్యం: కేసులేవీ లేవు. నిమ్మకాయల తూకంలో ఏళ్ల తరబడి రైతును ముంచినవాడైనా సరే, కేసు కానంతవరకు తమరి ఆశీస్సులు పుష్కలం. దొరికిపోయి, శిక్షపడి, ఆ శిక్ష చివరిరోజు దాకా అనుభవించి వచ్చినవాడు మాత్రం తమరి కంటికి ఆనడు. బాకీ తీర్చినవాడినే అప్పులవాడంటూ, అసలు ఎగ్గొట్టినవాడికి పీట వేసే వడ్డీవ్యాపారిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ విద్య తమరి సొంతం.

వంశం కూడా సామాన్యమైనదా? తమరి తాతగారు 1871లో నేరస్థ జాతుల చట్టం అనే పేరుతో పుట్టారు. 1911 నాటికి మద్రాసు రాజధానికీ దయచేశారు. నేరం చేశాడా, కేసు నడిచిందా అనే చాదస్తం ఆయనకు లేదు. ఫలానా కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరులోకి ఎక్కేది. ఎరుకల కుటుంబాల కోసం మన కావలిలోనే మిషనరీల అజమాయిషీలో సెటిల్మెంటు నడిచింది. హాజరు పలకాలి, అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదు. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. తాతగారు పోయారు గానీ ఆస్తి ఎక్కడికి పోతుంది? అలవాటు నేరస్థుల చట్టాలకు కొంత, ఊళ్లోవాళ్ల నాలుకలకు కొంత, మిగిలింది తమరికి.

అయితే తమరికి పెద్దవాళ్లంటే మర్యాద ఉందని ఒప్పుకోవాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, రెండేళ్లకు తగ్గకుండా శిక్షపడిన నాయకుడు విడుదలయ్యాక ఆరేళ్లు పోటీకి దూరంగా ఉండాలి. ఆ తర్వాత నిక్షేపంలా నామినేషన్ వేసుకోవచ్చు, గెలిస్తే మనందరికీ చట్టాలు చేసిపెట్టవచ్చు. మరి బంకులో పెట్రోలు కొట్టడానికి ఎన్నేళ్లు ఆగాలి? ఆ లెక్క ఏ సెక్షన్‌లోనూ కనబడదు.

బంకు మాట ఊరికే తేలేదు. మన జైళ్ల శాఖే పెట్రోలు బంకులు నడుపుతోంది. వాటిలో ఖైదీలే పెట్రోలు కొడతారు. చాలా మంచిపని, నేను చేతులెత్తి దండం పెడతాను. శిక్షలో ఉన్నంతకాలం అంత నమ్మకస్తుడైన మనిషి, శిక్ష పూర్తిచేసుకుని హైవే మీద వేరే బంకుకు వెళ్లి అదే పని ఇమ్మంటే తమరు అడ్డుపడతారు. గేటు దాటగానే మనిషికి వచ్చిన ఆ జబ్బేమిటో సెలవియ్యండి.

మొన్న ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చారు. పేరెందుకు? లోపల, అంటే చెముడుగుంట సెంట్రల్ జైల్లో, వడ్రంగం నేర్చుకున్నారు. కిటికీ రెక్క మీద చెయ్యి పెట్టి తోసి, ఎక్కడ పట్టేస్తోందో చూడకుండానే చెప్పగలరు. అద్దె ఇల్లు చూడటానికి నన్ను తోడు రమ్మన్నారు. ఇంటావిడ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"ఇంతకుముందు ఎక్కడుండేవాళ్లు, అన్నా?"

"చెముడుగుంటలో, అమ్మా."

"సొంతిల్లా?"

"కాదమ్మా, ప్రభుత్వానిదే."

ప్రభుత్వోద్యోగి అనుకుని ఆవిడ ముఖం ఇంతయింది. అడ్వాన్సు కూడా కొంత తగ్గించింది. ఇంతలో ఇంటాయన వచ్చి తమరి ప్రస్తావన తెచ్చారు. స్టేషన్ నుంచి కాగితం తెస్తే తాళం చేతికిస్తానన్నారు. మావాడు అబద్ధం ఆడటం చేతకాక ఉన్నమాట చెప్పేశాడు. ఆ క్షణంలోనే హైదరాబాదులో ఉన్న వాళ్లబ్బాయికి నెల్లూరు వచ్చి అదే పోర్షన్‌లో కాపురం పెట్టాలనే కోరిక పుట్టింది.

తిరిగి వస్తుంటే సాయంత్రం అయిదు దాటింది. ఆయనకు ఆకలేసింది. జైల్లో చీకటి పడకముందే అన్నం పెట్టి లాకప్ చేస్తారు, కడుపు ఇంకా ఆ గంటకే లేస్తోంది. మెస్సులో భోజనం అడిగితే, ఎసరు కూడా పెట్టలేదు, ఏడింటికి రమ్మన్నారు. మనిషి సిగ్గుపడి బయట నిలబడ్డారు. ఇలాంటి సంగతులు తమరిలో రాయడానికి గడి లేదు. విడుదలైనవారి ఆలనాపాలనా ప్రభుత్వం చూడాలని 1983లో జైళ్ల సంస్కరణల మీద వేసిన ముల్లా కమిటీ చెప్పింది. 2016 నమూనా జైలు మాన్యువల్‌లోనూ దాని కోసం ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం చెముడుగుంటలో నెల్లూరు బస్సు ఎక్కినట్టు లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను, కూర్చుని వినండి. తమరి కొలువుకే ఎసరు వచ్చేలా ఉంది. ఉద్యోగం ఇచ్చేవాడు ఉంటేనే కదా తమరిని అడిగేది? పనిచేసేవాళ్లే యజమానులైతే అడిగేదెవరు?

1925లో కేరళలో వడకర దగ్గర ఇలాగే జరిగింది. సంఘసంస్కర్త వాగ్భటానందుల బాట పట్టిన కూలీలకు భూస్వాములు పని లేదు పొమ్మన్నారు. వాళ్లు బతిమాలలేదు, తామే కూలీల సహకార సంఘం పెట్టుకున్నారు. అదే ఊరాళుంగళ్ సంఘం. ఇప్పుడు రోడ్లు, వంతెనలు కడుతోంది. వాళ్లు జైలుకు వెళ్లొచ్చినవాళ్లు కారు, వెలివేసిన తీరు మాత్రం అదే. జైలు నుంచి వచ్చినవాళ్ల సంగతే కావాలంటే చికాగోకు వెళ్లండి. అక్కడ శిక్ష అనుభవించి వచ్చినవాళ్లు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, 2020లో, కరోనా రోజుల్లోనే, చిఫ్రెష్ కిచెన్ అనే సొంత వంటశాల తెరిచారు. వండేదీ వాళ్లే, లాభం పంచుకునేదీ వాళ్లే. ఇటలీలో 1991 నుంచే ఇలాంటి సామాజిక సహకార సంఘాలకు ప్రత్యేక చట్టం ఉంది.

మనకు చట్టం లేదనుకుంటున్నారా? పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లోనే వచ్చింది. పదిమంది చేరితే సంఘం, మనిషికొక ఓటు. నెల్లూరుకు ఇదేమీ కొత్త విద్య కాదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా ఇది. ఆ వేడిలోనే రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపు సంఘాలు నిలబెట్టారు. ఆ రూపాయి తీసుకునేటప్పుడు నీ మొగుడు ఎక్కడున్నాడని ఒకరినొకరు అడగలేదు.

అంతెందుకు, మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గరికి రండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో మోకాటిలోతు నీళ్లలో నిలబడి కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్య రొట్టె. జైలు నుంచి వచ్చినవాడికి కావలసినవీ ఆ మూడే. ఇన్నేళ్లలో రొట్టె చాచిన చెయ్యి తమరిని చూపించమనడం నేను ఎరగను.

సంఘం పెట్టినంత మాత్రాన పాలు పొంగుతాయని నేను అనడం లేదు. రంపాలకు, చిత్రికలకు పెట్టుబడి కావాలి, బ్యాంకు మేనేజరు మళ్లీ తమరి పేరే ఎత్తవచ్చు. పదిమందిలో ఒకడు తాగి వస్తాడు, ఒకడు డబ్బు లెక్కలో తేడా చేస్తాడు. జైలుకు వెళ్లనివాళ్లు నడిపే సంఘాల్లో జరిగేదీ అదే, నేను వాళ్ల అర్జీలూ రాశాను. కానీ షెడ్డు వెనక రెండు గదులుంటే ఇంటాయన అబ్బాయితో పేచీ ఉండదు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినవాడి పక్కన, ఎందుకు లేచాడో అడగక్కర్లేనివాడు పడుకుని ఉంటాడు. సాయంత్రం అయిదింటికి అన్నం ఉడుకుతుంది.

మావాడు తనతో కలిపి ఇప్పటికి ముగ్గురిని పోగుచేశాడు, ఇంకా ఏడుగురు కావాలి. బైలాలు రాసే పని నాకు అప్పగించారు, రుసుము బాకీ పెట్టారు. రేపు తమరికి పని తగ్గి రోడ్డున పడితే మొహమాటపడకండి, షెడ్డుకు రాత్రి కాపలాదారు కావాలంటున్నారు. దరఖాస్తు నేనే ఉచితంగా రాసిపెడతాను. పదిమందీ చేతులెత్తి ఓటు వేస్తారు. తాతగారి సంగతి ఎవరూ ఎత్తరు.

ఇట్లు,
తమరి కోసం రోజూ ఫారాలు నింపే
ఒక నెల్లూరు అర్జీల రాతగాడు