ఉల్లాస కమిటీ కన్వీనరు విన్నపం

ప్రతి నెలా చివరి శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు విద్యార్థులందరూ తప్పనిసరిగా ఉల్లాసంగా ఉండాలని మా కళాశాలలో ప్రిన్సిపాల్ గారి సంతకంతో సర్క్యులర్ వెలువడి ఏడాది దాటింది. హైదరాబాదు శివార్లలో, ఔటర్ రింగ్ రోడ్డు దాటిన తరువాత, ఒకప్పుడు సీతాఫలాలు కాసి ఇప్పుడు ఇంజనీరింగ్ కళాశాలలు విరగకాస్తున్న నేలలో మాదీ ఒకటి. ఆ సర్క్యులర్‌ను అమలు చేయడానికి ఏర్పడిన ‘విద్యార్థి ఉల్లాస కమిటీ’కి నేను కన్వీనరును. ఇది నేను కోరి తెచ్చుకున్న పదవి కాదు. స్టాఫ్ మీటింగుకు ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళేసరికి, లేనివాడి పేరు రాయడం సులువు కనుక, రాసేశారు. అయినా నెత్తిన పడ్డ పనిని నిష్ఠగా చేయడం రసాయనశాస్త్రం చెప్పుకునేవాడికి అలవాటే కాబట్టి, ఏడాది అనుభవాన్ని నగరంలోని తక్కిన విద్యాసంస్థల మేలు కోరి ఇక్కడ నివేదిస్తున్నాను.

పిల్లలు రారేమోనని తోటి అధ్యాపకులు మొదట్లో బెంగపెట్టుకున్నారు. ఆ బెంగ మొదటి శుక్రవారమే తీరిపోయింది, ఎందుకంటే ఉల్లాసానికి కూడా హాజరు వేస్తామని సర్క్యులర్ చివరి పంక్తిలో చేర్చాం. 75 శాతం హాజరు లేనివాడు పరీక్ష రాయలేడు. 65కు తగ్గకుండా ఉంటే తగిన కారణం చూపి, కండోనేషన్ రుసుము కట్టి ఒడ్డున పడవచ్చు గాని, ఆ రుసుము సంగతి ఇంట్లో చెప్పడం కంటే రెండు గంటలు ఉల్లాసంగా కూర్చోవడమే నయమని ప్రతి విద్యార్థికీ తెలుసు. మనిషి ఆనందానికి మూలమేమిటని మన పెద్దలు ఉపనిషత్తుల కాలం నుంచి తర్కించారు. హాజరు పట్టీ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మా తొలి కార్యక్రమం కుర్చీలాట. పిల్లలు దాన్ని మ్యూజికల్ చైర్స్ అంటారు. వినడానికి చిన్న ఆటే గాని, నిర్వహించడానికి కూర్చున్నవాడికే దాని లోతు తెలుస్తుంది. తరగతి గదుల్లోవన్నీ నేలకు బిగించిన బెంచీలు కాబట్టి, సెమినార్ హాలు నుంచి తెల్లటి గుడ్డ తొడుగులున్న కుర్చీలు తెప్పించవలసి వచ్చింది. అవి అతిథుల కోసం కొన్నవి కనుక ఇన్‌చార్జి మేడమ్ గారు తొడుగులు విప్పించి, లెక్కపెట్టి, సంతకం చేయించుకుని ఇచ్చారు. పాటల జాబితా మూడు రోజుల ముందే కమిటీకి అందాలన్నాం. ప్రేమ, విరహం, మద్యం, వాన, ఈ నాలుగింటి ప్రస్తావన ఉన్న పాటలను తీసేశాక జాబితాలో ఒక భక్తి గీతమూ, ఒక దేశభక్తి గీతమూ మిగిలాయి. అబ్బాయిలు ఒక వరుస, అమ్మాయిలు ఒక వరుస. ముఖ్య అతిథి గారు గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, శాలువా, జ్ఞాపిక, ‘ఆటలు – ఆరోగ్యం’ అన్న అంశంపై వారి ప్రసంగం పూర్తయ్యేసరికి ఆటకు పదకొండు నిమిషాలు మిగిలాయి.

పాట పెట్టి ఆపే పని మా ల్యాబ్ అటెండరుకు అప్పగించాం. ఆయన తన ఫోన్‌నే స్పీకరుకు తగిలించాడు. భక్తి గీతం మోగుతూ ఉండగా పిల్లలు కుర్చీల చుట్టూ గుడి ప్రదక్షిణంలా నెమ్మదిగా, చేతులు కట్టుకుని నడుస్తున్నారు. ఇంతలో పాట దానంతటదే ఆగిపోయి, హాలంతా మారుమోగేలా ఒక ఆడగొంతు వినిపించింది: “ఏడున్నవ్? వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ పట్టుకొని రా, పెరుగు తోడెయ్యాలె.” కంగారులో అటెండరు ఏ మీట నొక్కాడో గాని ఆ గొంతు ఆగలేదు, పాలతో పాటు పుదీనా కూడా అడిగింది. నడుస్తున్నవాళ్ళు నవ్వుతూ దొరికిన కుర్చీలో కూలబడ్డారు, కుర్చీ దొరకనివాళ్ళు నేల మీద కూలబడ్డారు, వరుసలు కలిసిపోయాయి, ముఖ్య అతిథి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ రెండు గంటల్లో సభ నవ్వినది అప్పుడొక్కసారే. నివేదికలో దాన్ని ‘సాంకేతిక లోపం’గా నమోదు చేసి, ఇకపై ఇటువంటిది జరగకుండా తగిన చర్యలు తీసుకుంటామని హామీ ఇచ్చాం.

ఫ్రెషర్స్ పార్టీ గురించి ఒక్క మాట. ఇష్టం లేని జూనియర్ చేత సీనియర్ పాట పాడిస్తే అది నేరం. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలూ వచ్చాయి, రావలసిన అవసరం ఉండే వచ్చాయి. అదే జూనియర్ చేత, అదే పాటను, అదే వేదిక మీద కమిటీ పాడిస్తే మాత్రం అది ‘ప్రతిభా ప్రదర్శన’. ఈ సూక్ష్మ భేదం ఆ పిల్లవాడి ముఖంలో నాకు కనిపించలేదు గాని, ఫైలులో స్పష్టంగా ఉంది.

బతుకమ్మ విషయంలోనూ కమిటీ అశ్రద్ధ చేయలేదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పండుగ గాని, ఆ రోజుల్లో మాకు దసరా సెలవులు. కనుక ఎంగిలిపూలకు రెండు రోజుల ముందే పండుగ కానిచ్చేశాం. తంగేడు, గునుగు కోసం పిల్లలు గుట్టల వెంట తిరిగితే క్రమశిక్షణ దెబ్బతింటుందని గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతిపూలు టోకున తెప్పించాం. ఊళ్ళో ఈ పండుగకు వేదిక ఉండదు, న్యాయనిర్ణేతలు ఉండరు, పేర్చినవాళ్ళే చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడుకుంటారు. ఇంత పెద్ద పండుగ ఇన్ని తరాలుగా ఒక్క కన్వీనరు కూడా లేకుండా ఎలా నెగ్గుకొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది అనుమతి లేని ఉల్లాసం. అది మా ఒక్క కళాశాల జాడ్యం కాదు, ఈ నగరానికి పాతదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం కోసం మనవాళ్ళు దేశదేశాలు తిరిగి కట్టడాలు చూసి వచ్చారు, బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు, 1939లో అది ప్రారంభమైంది. ఇంత శ్రమపడి కట్టిన విద్యాలయంలో విద్యార్థులు ఎక్కడ కూర్చున్నారయ్యా అంటే, మెట్ల మీద. ఆ మెట్లపై ఎన్ని వాదాలు పుట్టాయో, ఎన్ని స్నేహాలు కుదిరాయో, ఎన్ని ఉద్యమాలు లేచాయో చెప్పడానికి ఒక్క హాజరు పట్టీ కూడా లేదు. 1974లో ఏర్పడి, ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, తరువాత గచ్చిబౌలికి చేరిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం కథ ఇంకా విచారకరం. అక్కడ బండలున్నాయి, చెరువులున్నాయి, నెమళ్ళున్నాయి. సాయంత్రమైతే పిల్లలు బండలెక్కి కూర్చుంటారు. మన దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అంత అనుభవం ఉన్న బండ కూడా వాళ్ళను ఏ విభాగమని అడగదు.

మా దగ్గర మెట్లూ లేవు, బండలూ లేవు. ఉన్న బండలను పార్కింగ్ కోసం పేల్చేశారు. అందువల్ల మా పిల్లలు గేటు బయట, చాయ్ బండి వెనక ఉన్న పిట్టగోడ మీద కూర్చుంటారు. నాలుగూ పదికి కళాశాల బస్సులు బయలుదేరినా కొందరు ఎక్కరు. ఆర్టీసీ బస్సు పాసు ఉందన్న ధైర్యం. అక్కడ ఏం జరుగుతోందో స్వయంగా పరిశీలించి నివేదిక ఇమ్మని ప్రిన్సిపాల్ గారు ఆదేశించడంతో, కిందటి గురువారం సాయంత్రం నేను బయలుదేరాను.

గోడ మీద ఐదుగురు ఉన్నారు. ముందు రెండు చాయ్‌లు, ఐదు కాగితపు కప్పులు. నా ల్యాబులో ద్రవాలు కొలిచే బ్యూరెట్ చేతికిస్తే మూడుసార్లకు మూడు వేర్వేరు రీడింగులు తెచ్చే కుర్రవాడు, రెండు చాయ్‌లను ఐదు కప్పుల్లోకి, కప్పును కంటి ఎత్తుకు ఎత్తి చూసుకుంటూ, చుక్క తేడా లేకుండా పోశాడు. వాడి పక్కనున్న అమ్మాయి ఎవరి గొంతునో అనుకరిస్తోంది; తక్కినవాళ్ళు గోడ మీద నుంచి జారిపడేంతగా నవ్వుతున్నారు. నన్ను చూడగానే నవ్వు ఆగిపోయింది. కుర్చీలాటలో పాట కూడా అంత ఠక్కున ఆగి ఉండదు.

“సార్, చాయ్ తాగుతరా?” అన్నాడు కుర్రవాడు, ఏమనాలో తోచక.

నేను విచారణకు వచ్చినవాడిని, వద్దనవలసింది. నేను నోరు తెరిచేలోపే వాడు ఆరో కప్పు అందుకున్నాడు; మిగతా నలుగురూ, ఎవరూ చెప్పకుండానే, తమ కప్పులు ముందుకు చాపారు. ఒక్కొక్క కప్పు నుంచి కాస్త కాస్త వంపి నాకు ఒక కప్పు చేశారు. అల్లం ఘాటుగా ఉంది. గోడ మీద కాస్త జరిగి చోటిచ్చారు. పది నిమిషాలయ్యాక ఆ అమ్మాయి అనుకరణ మళ్ళీ మొదలైంది. అప్పుడు తెలిసింది, ఆ గొంతు నాదే: “సైలెన్స్, సైలెన్స్, ఉల్లాసంగా ఉండాలి, కానీ సైలెన్స్.” క్రమశిక్షణ పరంగా ఇది తీవ్రమైన విషయమే. కాకపోతే గొంతు బాగా కుదిరింది.

దీనిపై నా నివేదికలో ఒక సిఫారసు చేశాను. గోడ మీది కార్యక్రమాన్ని కమిటీ పరిధిలోకి తెచ్చి, ‘మాసాంత చాయ్ గోష్ఠి’ అని పేరు పెట్టి, బ్యానరు కట్టి, కప్పులు, చాయ్ ఖర్చు కళాశాలే భరించాలన్నాను. ప్రిన్సిపాల్ గారు సంతోషంగా సంతకం చేశారు. ఫైలు అకౌంట్స్‌కు వెళ్ళి, ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది: ఏ కొనుగోలుకైనా మూడు కొటేషన్లు జతపరచాలట. గేటు బయట ఉన్నది ఒక్కటే చాయ్ బండి. మిగిలిన రెండు కొటేషన్లు ఎవరిని అడగాలో తేలేదాకా ఫైలు నా బల్ల మీదే ఉంటుంది కాబట్టి, రోజూ సాయంత్రం నాలుగూ పది తరువాత నేనే వెళ్ళి ధర విచారించి వస్తున్నాను.